గోడ దీపం బిగించడం: చోటు ఎంపిక నుంచి స్విచ్ వేసేదాకా

గోడకు దీపం బిగించే పనిలో తీగలు కలపడం చాలా చిన్న భాగం. దానికి ముందు జరగవలసినవి రెండున్నాయి: దీపం ఎక్కడ ఉండాలో తేల్చుకోవడం, గోడలోంచి వచ్చిన తీగల్లో కరెంటు నిజంగా లేదని రుజువు చేసుకోవడం. మొదటిది తప్పితే గోడకు అక్కరలేని రంధ్రాలు మిగులుతాయి. రెండోది తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆ రెండింటినీ ఇక్కడ వివరంగా చెప్పి, మరలు బిగించడం వంటి వాటిని క్లుప్తంగా ముగిస్తాను.

ముందుగా పని హద్దు తెలుసుకోండి. దీపం కోసం గోడలో ఇప్పటికే తీగలు వదిలి ఉన్నా, పాత దీపం తీసి ఆ స్థానంలోనే కొత్తది పెట్టాలనుకున్నా ఈ పద్ధతి సరిపోతుంది. గోడకు గాడి కొట్టి కొత్తగా పైపు వేయడం, డిస్ట్రిబ్యూషన్ బోర్డులో, అంటే ఇంటి సర్క్యూట్ల స్విచ్చులన్నీ ఒక్కచోట ఉండే పెట్టెలో, మార్పులు చేయడం మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ చేయవలసిన పనులు. కొన్ని దేశాల్లో స్థిరమైన వైరింగును ఇంటివారు ముట్టుకోవడానికే చట్టం ఒప్పుకోదు కాబట్టి, మీరుండే చోట నిబంధన ఏమిటో పని మొదలుపెట్టక ముందే కనుక్కోవాలి. తీగల తొడుగు పెళుసుబారి వేలు తగలగానే రాలుతున్నా, లోపలి తీగ రాగి కాక అల్యూమినియం అయినా, లోహపు దీపానికి కలపడానికి ఎర్త్ తీగ కనిపించకపోయినా పని అక్కడితో ఆపి తెలిసినవారిని పిలవండి. అద్దె ఇంట్లో ఉన్నవారికీ, గోడలో తీగలే లేనివారికీ ప్లగ్గుతో వచ్చే గోడ దీపాలు దొరుకుతాయి. వాటికి రంధ్రాలు తప్ప మరే శ్రమా ఉండదు.

దీపం కొనేటప్పుడు

దీపం అందం సంగతి మీ ఇష్టానికే వదిలేస్తాను. కానీ పెట్టె మీద, దీపం వెనుక ముద్రించిన కొన్ని గుర్తులను తప్పక చదవాలి. ఐపీ అనే అక్షరాల తర్వాత ఉండే రెండంకెల్లో మొదటిది దుమ్ము వంటి ఘన పదార్థాల నుంచి, రెండోది నీటి నుంచి ఆ దీపానికి ఎంత రక్షణ ఉందో చెబుతాయి. పొడి గదికి ఐపీ20 చాలు. స్నానాల గదిలో అద్దం దగ్గరికి, వాన జల్లు మాత్రమే తగిలే వరండాకు ఐపీ44, వాన నేరుగా పడే ప్రహరీ గోడకు ఐపీ65 ఎంచుకోవడం మంచిది. స్నానాల గదిలో షవరుకూ తొట్టికీ ఎంత దూరంలో ఎలాంటి దీపం పెట్టవచ్చో చాలా దేశాలు విడిగా నిర్దేశిస్తాయి. అది చూడకుండా అక్కడ దీపం పెట్టకండి.

తర్వాత చూడవలసింది ఎర్త్ గురించి. ఒక చతురస్రం లోపల మరో చతురస్రం గుర్తు ఉంటే ఆ దీపానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందనీ, ఎర్త్ తీగ అవసరం లేదనీ అర్థం. ఆ గుర్తు లేని లోహపు దీపానికి ఎర్త్ తప్పనిసరి. ఎర్త్ లేకపోయినా వెలుగుతుంది కదా అని కొందరు వదిలేస్తారు. లోపల ఎక్కడో ఒక తీగ తొడుగు చిట్లి లోహపు కవచానికి తగిలే రోజు వరకు అది వెలుగుతూనే ఉంటుంది కూడా.

బల్బు మార్చుకునే హోల్డరు ఉన్న దీపమా, ఎల్ఈడీ లోపలే అతికించి వచ్చేదా అన్నది మరో ప్రశ్న. అతికించినవి సన్నగా, నాజూకుగా ఉంటాయి గానీ లోపలి డ్రైవర్, అంటే ఎల్ఈడీకి తగిన కరెంటు అందించే భాగం, పాడైతే చాలాసార్లు దీపాన్నే మార్చవలసి వస్తుంది. అందుకని నా మొగ్గు హోల్డరు ఉన్నవాటి వైపే. అలాంటి దీపం మీద రాసి ఉన్న గరిష్ఠ వాట్లను మించిన బల్బు పెట్టకూడదు. పూర్తిగా మూసుకుపోయే గాజు బుడ్డి ఉన్న దీపాల్లో వేడి బయటికి పోదు కాబట్టి, మూసిన దీపాలకు పనికి వస్తుందని రాసి ఉన్న ఎల్ఈడీ బల్బునే తీసుకోవాలి. పడకగదికీ హాలుకూ 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు ఛాయ హాయిగా ఉంటుంది. అద్దం దగ్గర 4000 కెల్విన్ల ప్రాంతంలో ఉండి, రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపే సూచీ, అంటే సీఆర్ఐ, 90కి తగ్గని దీపం మేలు. లేకపోతే ముఖం ఎప్పుడూ జబ్బుపడి లేచినట్టే కనిపిస్తుంది.

చోటు తేల్చుకోవడం

హాలులో, వరండాలో దీపం మధ్యభాగం నేల నుంచి 150 నుంచి 170 సెంటీమీటర్ల ఎత్తులో ఉండడం సాధారణం. ఈ అంకె వెనుక ఉన్న కారణం తెలిస్తే మీ ఇంటికి తగినట్టు దాన్ని సవరించుకోవచ్చు: నిలబడిన మనిషి కంటికి బల్బు నేరుగా కనిపించకూడదు, గదిలో కూర్చున్న మనిషికీ కనిపించకూడదు. కింది వైపు తెరిచి ఉన్న దీపాన్ని మరీ పైకి పెడితే సోఫాలో కూర్చున్నవారి కంట్లో పడుతుంది. పై వైపు తెరిచి ఉన్నదాన్ని మరీ కిందికి పెడితే నిలబడినవారి కంట్లో పడుతుంది. మెట్ల దగ్గర ఈ రెండు ఇబ్బందులూ కలిసి వస్తాయి, ఎందుకంటే ఎక్కేవారు దీపాన్ని కింది నుంచి, దిగేవారు పై నుంచి చూస్తారు. అక్కడ రెండు వైపులా మూసి ఉండి, కాంతిని గోడ మీదికో పాలగాజు గుండానో పంపే దీపమే సరైనది.

మంచం పక్కన చదువుకోవడానికైతే నేల నుంచి కొలవడం కన్నా, దిండుకు ఆనుకుని కూర్చుని భుజం ఎత్తు గుర్తుపెట్టుకోవడం మేలు. దీపం అంచు ఆ గుర్తుకు కాస్త పైన ఉంటే వెలుతురు పుస్తకం మీద పడుతుంది, పక్కన నిద్రపోయేవారి మీద పడదు. పడుకునే ఉండి చేయి చాపితే స్విచ్ అందుతుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. అద్దం దగ్గర పైన ఒక్క దీపం పెట్టడం కన్నా రెండు పక్కలా కంటి ఎత్తులో రెండు పెట్టడం మంచిది. పై నుంచి పడే వెలుతురు కనుబొమల కింద, గడ్డం కింద నీడలు వేస్తుంది. ఇరుకైన నడవలో గోడ నుంచి 10 సెంటీమీటర్లకు మించి ముందుకు రాని దీపాన్ని ఎంచుకోకపోతే, సామాన్లు మోసుకెళ్లే ప్రతిసారీ భుజం తగులుతుంది. తలుపు రెక్క పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎక్కడిదాకా వస్తుందో, కర్టెన్ పక్కకు లాగినప్పుడు మడతలు ఎక్కడ చేరతాయో ఒకసారి తెరిచి, లాగి చూడండి.

ఇవన్నీ ఊహించుకుంటూ కూర్చోవడం కన్నా దీపం కొలతలకు ఒక అట్టముక్క కత్తిరించి, గోడకు టేపుతో అతికించి ఒకటి రెండు రోజులు ఉంచడం తేలిక. పైకీ కిందికీ కాంతిని గోడకు ఒరుసుకుంటూ పంపే దీపమైతే మరో పరీక్ష కూడా అవసరం. చీకటి పడ్డాక టార్చిని గోడకు ఆనించి, వెలుతురు గోడ వెంట పైకి పాకేలా పట్టుకోండి. పగలు నున్నగా కనిపించిన గోడ మీద లప్పం పెట్టిన ప్రతి అతుకు, కరణి ఆగిన ప్రతి గీత, ఎప్పుడో పూడ్చిన మేకు రంధ్రం అన్నీ నీడలతో సహా బయటపడతాయి. ఆ గోడకు మళ్లీ లప్పం పెట్టి రుద్దించుకుంటారో, కాంతిని ముందుకు పంపే వేరే దీపం చూసుకుంటారో కొనక ముందే నిర్ణయించుకోవచ్చు. గోడకు రంగు వేయవలసి ఉంటే అది పూర్తయ్యాకే దీపం బిగించాలని వేరే చెప్పనక్కరలేదు.

రెండు దీపాలు ఒకే వరుసలో రావాలంటే రెండు చోట్లా నేల నుంచి కొలిచి గుర్తు పెట్టకండి. నేల ఎప్పుడూ అటో ఇటో వాలు ఉంటుంది. ఒక గుర్తు పెట్టి, రసమట్టం ఆనించిన పొడవాటి బద్దతోనో, నీళ్లు నింపిన సన్నని పారదర్శక గొట్టంతోనో, లేజర్ లెవెల్‌తోనో రెండో గుర్తుకు మట్టం తీసుకోండి.

కరెంటు లేదని రుజువు చేసుకోవడం

గోడమీది స్విచ్ ఆపితే సరిపోతుందని అనుకోకూడదు. స్విచ్ ఫేజును (కరెంటు వచ్చే తీగను) తెంచవలసి ఉండగా ఎవరో పొరపాటున న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగకు) పెట్టి ఉంటే, దీపం ఆరిపోయినా దాని తీగల్లో ఫేజు అలాగే ఉంటుంది. మెట్ల దగ్గర రెండు చోట్ల నుంచి వెలిగించే స్విచ్చుల్లో ఒకటి ఆపినా, వాటిని కలిపే తీగల్లో ఒకటి ఎప్పుడూ సజీవంగానే ఉంటుంది. పైగా మీరు గోడ దగ్గర పని చేస్తుండగా ఇంట్లో ఎవరైనా అలవాటుగా ఆ స్విచ్ వేస్తారు. కాబట్టి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఆ సర్క్యూట్ ఎంసీబీని, అంటే కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్చును, దించి, దాని మీద టేపు వేసి, పని జరుగుతోందని చీటీ అంటించి, ఇంట్లో ఉన్నవారందరికీ నోటితో కూడా చెప్పాలి. ఏది ఏ సర్క్యూట్‌దో సందేహం ఉంటే మెయినే ఆపేయండి.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అది కూడా చాలదు. మెయిన్ ఆపిన మరుక్షణమే ఇన్వర్టర్ దాన్ని కరెంటు పోవడంగా భావించి లైట్ల సర్క్యూట్‌కు బ్యాటరీ నుంచి సరఫరా ఇస్తుంది. అలాగని ఇన్వర్టర్‌ను మాత్రమే ఆపితే, చాలా రకాల్లో బయటి కరెంటు దాని గుండా నేరుగా వెళుతూనే ఉంటుంది. రెండూ ఆపాలి. ఇంటిపైన సౌర ఫలకాలు, బ్యాటరీ ఉంటే వాటి సరఫరాను కూడా తయారీదారు చెప్పిన క్రమంలో ఆపాలి.

ఆపాక పరీక్షించాలి, పరీక్షించే పరికరాన్ని కూడా పరీక్షించాలి. చాలా ఇళ్లలో ఉండే నియాన్ టెస్టర్ మన శరీరం గుండా పారే అతి స్వల్పమైన కరెంటుతో వెలుగుతుంది. పొడి చెక్క స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడినప్పుడు అది మసకగా వెలగవచ్చు, పట్టపగటి వెలుతురులో ఆ మసక కంటికి ఆనకపోవచ్చు, లేదా లోపలి నియాన్ బల్బే పాడై ఉండవచ్చు. అందువల్ల టెస్టర్ వెలగకపోవడాన్ని కరెంటు లేదనడానికి సాక్ష్యంగా తీసుకోకూడదు. మెయిన్ సరఫరాకు తగిన రేటింగ్ ఉన్న మల్టీమీటరో, రెండు కొనల వోల్టేజ్ టెస్టరో వాడండి. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన సాకెట్‌లో దాన్ని పెట్టి సరిగా చూపిస్తోందో లేదో చూడండి. తర్వాత దీపం తీగల్లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మూడు కొలతలు తీసుకోండి. చివరగా మళ్లీ ఆ సాకెట్ దగ్గరికే వెళ్లి, పరికరం మధ్యలో చెడిపోలేదని నిర్ధారించుకోండి. మెయినే ఆపినవారు ఈ మొదటి, చివరి పరీక్షలకు చాలా వోల్టేజ్ టెస్టర్లలో ఉండే స్వీయపరీక్షనో, కరెంటు ఉన్న వేరే ఆధారాన్నో ఉపయోగించుకోవాలి.

డిజిటల్ మీటరు ఒక్కోసారి సున్నా కాకుండా కొన్ని వోల్టులు చూపి తికమక పెడుతుంది. ఒకే పైపులో పక్కపక్కన నడిచే తీగల్లో ఒకటి సజీవంగా ఉంటే, దాని ప్రభావం వల్ల ఎక్కడా కలపని తీగలో కూడా అలా కనిపించవచ్చు. అయినా కారణం తెలిసేవరకు దాన్ని సజీవ తీగగానే భావించి, మెయిన్‌తో సహా అన్నీ ఆపి మళ్లీ కొలవండి.

తీగల రంగులను ఆధారంగా కాక, సూచనగా మాత్రమే చూడాలి. అంతర్జాతీయంగా ఎక్కువ చోట్ల గోధుమ రంగు ఫేజుకు, నీలం న్యూట్రల్‌కు, ఆకుపచ్చ పసుపు చారలు ఎర్త్‌కు వాడుతున్నారు. పాత ఇళ్లలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్‌గా ఉంటాయి. ఉత్తర అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. ఒక దేశంలో న్యూట్రల్ అయిన నలుపు మరో దేశంలో ఫేజు కాబట్టి, దిగుమతి చేసుకున్న దీపాన్ని రంగు చూసి కలపడం ప్రమాదం. ఎల్ (ఫేజు), ఎన్ (న్యూట్రల్), ఎర్త్ గుర్తులున్న టెర్మినళ్లను చూసే కలపాలి.

పాతది విప్పడం, గోడకు రంధ్రాలు వేయడం

పాత దీపం ఉంటే దాని తీగలు విప్పక ముందే దగ్గరగా రెండు మూడు ఫోటోలు తీసుకోండి. కొన్ని పెట్టెల్లో రెండు ఫేజులు, రెండు న్యూట్రళ్లు జతలుగా మెలిపెట్టి ఉంటాయి. వాటిలో ఒక జత ఇక్కడి నుంచి వేరే గదికి సరఫరా మోసుకెళ్లేది. అలాంటి జతను విడదీస్తే ఆ గదిలో దీపాలు వెలగవు, కాబట్టి ఎలా ఉన్నవాటిని అలాగే కలిపి ఉంచాలి. మీరు అనుకున్నదానికన్నా తీగలు ఎక్కువగా కనిపిస్తే మరో సర్క్యూట్ న్యూట్రల్ కూడా అందులో కలిసి ఉండే అవకాశం ఉంది. విడిపోయిన న్యూట్రల్ కొనకు ఆ సర్క్యూట్‌లోని పరికరం గుండా కరెంటు రాగలదు కనుక, మెయిన్ ఆపకుండా అలాంటి పెట్టెలో చేయి పెట్టకండి.

దీపాన్ని పట్టి ఉంచే బ్రాకెట్టును గోడకు ఆనించి, రసమట్టంతో సరిచూసి, రంధ్రాల చోటు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. గోడ లోపల పూడ్చిన కన్సీల్డ్ వైరింగులో పైపులు సాధారణంగా స్విచ్ బోర్డు నుంచి, సాకెట్ నుంచి, దీపం పాయింటు నుంచి నిట్టనిలువుగా గానీ అడ్డంగా గానీ వెళతాయి. అంటే మీరు దీపం పెట్టబోయే పాయింటుకు నేరుగా పైన లేదా నేరుగా కింద ఉన్న గీత మీదే ప్రమాదం ఎక్కువ. బ్రాకెట్టులో పక్కల ఉన్న రంధ్రాలను వాడుకునే వీలుంటే వాటినే వాడండి. లోహం, తీగలు పసిగట్టే డిటెక్టరుతో ఒకసారి చూడడం మంచిదే గానీ, అది ప్లాస్టిక్ నీటి పైపును గుర్తించలేకపోవచ్చు; అవతలి వైపు స్నానాల గది ఉన్న గోడల విషయంలో కుళాయిలు ఏ వరుసలో ఉన్నాయో వెళ్లి చూసి రండి. డ్రిల్లుకు కరెంటు కావాలి కాబట్టి బ్యాటరీ డ్రిల్లు ఉంటే హాయి. లేకపోతే వేరే సర్క్యూట్ నుంచి పొడిగింపు తీగ తెచ్చుకోవాలి.

6 మిల్లీమీటర్ల రావల్ ప్లగ్గుకు, అంటే మర పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టానికి, 6 మిల్లీమీటర్ల బిట్ వాడాలి. ప్లగ్గు పొడవు కన్నా కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ లోతు దగ్గర బిట్‌కు టేపు చుట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. గోడ పైపూత 12 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. ప్లగ్గు ఆ పూతలోనే ఆగిపోతే దీపం బరువుకు కొన్నాళ్లకు పూతతో సహా ఊడి వస్తుంది. అది పూతను దాటి ఇటుకలోకి దిగేంత పొడవుండాలి. డ్రిల్ చేస్తుండగా రాలే పొడిని గమనించండి: మొదట బూడిద రంగులో సిమెంటు, తర్వాత ఎర్రగా ఇటుక వస్తుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. బిట్ ముందుకు కదలక సన్నని బూడిద పొడి మాత్రమే వస్తుంటే అది కాంక్రీటు; తిరుగుతూనే సుత్తిలా కొట్టే హ్యామర్ మోడ్ కావాలి. బిట్ ఒక్కసారిగా లోపలికి జారిపోతే అది బోలు ఇటుక లేదా జిప్సం బోర్డు. దానికి వెనుక విచ్చుకునే ప్రత్యేకమైన ప్లగ్గులు, వాటి మీద రాసిన బరువు పరిమితిని చూసి, వాడాలి. టైలు మీదైతే గుర్తు దగ్గర టేపు అతికించి, టైలు బిట్‌తో హ్యామర్ లేకుండా నెమ్మదిగా టైలును దాటాకే మామూలు బిట్‌కు మారండి. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ మరవకండి.

తీగలు కలపడం

బ్రాకెట్టు బిగించాక, దీపాన్ని ఒకరు పట్టుకుని ఉండాలి లేదా బలమైన తాడుతో బ్రాకెట్టుకు వేలాడదీయాలి. దాని బరువు ఎప్పుడూ తీగల మీద పడకూడదు. మొదట ఎర్త్, తర్వాత న్యూట్రల్, చివరికి ఫేజు కలపండి. విప్పేటప్పుడు ఎర్త్ చివర రావాలి. కనెక్టర్ మీద సూచించినంత పొడవే తొడుగు తీయాలి. తక్కువ తీస్తే మర తొడుగు మీద బిగుస్తుంది, ఎక్కువ తీస్తే రాగి బయటికి కనిపిస్తుంది. సన్నని పోగుల తీగకు ఫెర్రుల్ అనే చిన్న లోహపు గొట్టం తొడిగితే ఒక్క పోగు కూడా పక్కకు తప్పిపోదు. తీగలు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు మాత్రమే చుట్టే అలవాటును మానుకోండి. వేడికి ఆ టేపు జిగురు కరిగి, కొంత కాలానికి పొర విడిపోతుంది. కలిపిన ప్రతి తీగనూ పట్టుకుని గట్టిగా ఒకసారి లాగి చూడండి. ఊడి వస్తే ఇప్పుడే రానివ్వండి.

మర చుట్టుతో తిప్పి బిగించే ఈ27 హోల్డరులో ఫేజు అడుగున ఉన్న మధ్య బిందువుకు, న్యూట్రల్ మర చుట్టుకు వెళ్లాలి. బల్బు మార్చేటప్పుడు వేలు తగిలే అవకాశం ఆ చుట్టుకే ఎక్కువ. లోహపు దీపమైతే మూసే ముందు మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి, రంగు పూయని లోహభాగానికీ గోడ ఎర్త్ తీగకూ మధ్య కొలవండి. దాదాపు సున్నా రావాలి. తీగలను లోపలికి మడిచేటప్పుడు అంచు కింద నలగకుండా, లోహపు రంధ్రం గుండా వెళ్లే చోట రబ్బరు వాషరు ఉండేలా చూసుకోండి. ఆరుబయట దీపానికి వెనుక రబ్బరు పట్టీ సరిగా కూర్చున్నాక, పై అంచుకూ రెండు పక్కలకూ సిలికాన్ పూసి కింది అంచును వదిలేయండి. ఎంత జాగ్రత్త పడినా లోపలికి చేరే తేమ బయటికి పోవడానికి ఆ సందు కావాలి.

వెలిగించాక

బల్బు పెట్టి, ఎంసీబీ ఎత్తి స్విచ్ వేయండి. ఎంసీబీ వెంటనే పడిపోతే ఎక్కడో ఫేజు న్యూట్రల్‌కో ఎర్త్‌కో తగులుతోంది. తీగ నలిగిన చోట వెతకండి. ఎంసీబీ నిలిచి, లీకేజీని పసిగట్టే ఆర్‌సీసీబీ పడిపోతే కరెంటు ఎర్త్‌లోకి కారుతోందనో, న్యూట్రల్ ఎర్త్‌కు తగిలిందనో అర్థం. రెండింటికీ మందు ఒకటే: మళ్లీ సరఫరా ఆపి, మళ్లీ రుజువు చేసుకుని, దీపం విప్పి చూడడం. పడిపోయినదాన్ని పదేపదే ఎత్తి చూడకండి. వెలుగు మినుకుమినుకుమంటే సాధారణంగా ఒక కలయిక వదులుగా ఉంటుంది, లేదా వెలుతురు తగ్గించే డిమ్మరుకు పనికిరాని ఎల్ఈడీ బల్బును డిమ్మరుకు తగిలించి ఉంటారు. గంటసేపు వెలిగించాక గోడకు ఆనిన భాగం నుంచి కాలిన వాసనో, చిటపట చప్పుడో వస్తే వెంటనే ఆపాలి.

స్విచ్ ఆపాక కూడా ఎల్ఈడీ సన్నగా మిణుకుమంటుంటే రెండు మూడు కారణాలుంటాయి. స్విచ్చులోని చిన్న ఇండికేటర్ దీపం గుండా కొద్దిగా కరెంటు పారుతూ ఉండవచ్చు. లేదా పొడవాటి తీగలు పక్కపక్కన నడవడం వల్ల కొంత చేరుతూ ఉండవచ్చు. ఈ రెండూ చికాకే తప్ప అపాయం కాదు. మూడో కారణం మాత్రం స్విచ్ న్యూట్రల్‌కు వేసి ఉండడం, దాన్ని సరిచేయించక తప్పదు. ఏది కారణమో మీకు తేలకపోతే ఎలక్ట్రీషియన్ స్విచ్ బోర్డు విప్పి చూసి చెబుతారు. ఈలోగా డిస్ట్రిబ్యూషన్ బోర్డులో మీరు ఆపిన ఎంసీబీ ఏ దీపాలదో దాని పక్కనే చెరిగిపోని సిరాతో రాసిపెట్టండి.